సంతానలేమి - ఆయుర్వేద చికిత్స: దంపతులు తెలిసికొనవలసిన విషయములు

సూరత్ నగరము తపతీ నదీతీరమునందలి ప్రాచీన వర్తక స్థానము. నేడది మరమగ్గములకును, అద్దకపు మిల్లులకును, చీరల వ్యాపారమునకును ప్రసిద్ధి గాంచినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి పెక్కు పద్మశాలి కుటుంబములు జీవనోపాధికై అచ్చటికి వలసపోయి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. నగరపాలక సంస్థ వారి బిడ్డల కొరకు తెలుగు బడులను కూడ నెలకొల్పినది.

ఇట్టి పేటలలో వివాహమై రెండు మూడేండ్లు గడచినను బిడ్డ కలుగని యెడల, ఇల్లాలికి మందు తినిపించుమని ఇరుగుపొరుగువారు చెప్పుట వాడుక. ఒకరు నగరమునందలి వైద్యుని పేరు చెప్పుదురు. ఒకరు స్వగ్రామమునకు పోయి చెట్టుమందు తెమ్మందురు. మరియొకరు గోడమీది ప్రకటన చూపుదురు. ఈ మందులలో పెక్కింటిని ఆయుర్వేదము పేరనే ఇచ్చుచుందురు. కాని ఆ శాస్త్రము సంతానలేమిని గురించి నిజముగా ఏమి చెప్పినదో విచారించువారు అరుదు. విచారించినచో, భార్యకు మాత్రమే మందు తినిపించుట ఆ శాస్త్రమునకే విరుద్ధమని తేలును.

ఆయుర్వేదము గర్భోత్పత్తిని ఎట్లు వివరించుచున్నది, దాని చికిత్స ఎచ్చట ఉపకరించును, ఎచ్చట ఉపకరింపదు, ఏ దశలో దంపతులు పరీక్షలకు పోవలెను అను సంగతులు ఈ దిగువ వివరింపబడినవి.

సంతానలేమి యనగా నేమి?

దంపతులు కలిసి కాపురముండి, గర్భనిరోధక సాధనములేవియు వాడక, 12 నెలలు గడచినను గర్భము నిలువనిచో దానిని సంతానలేమిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించినది. ప్రపంచమున సుమారు ప్రతి 6 గురిలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కును ఎదుర్కొందురని ఆ సంస్థ 2023లో ప్రకటించినది. కనుక ఇది ఒక ఇంటి దోషమును కాదు, ఒక కులము శాపమును కాదు. ఇది సర్వసాధారణమగు ఆరోగ్య సమస్య.

ఈ 12 నెలలను లెక్కించుటలో ఒక పొరపాటు తరచుగా జరుగును. భర్త సూరత్‌లో మగ్గము నడుపుచు, భార్య స్వగ్రామమున అత్తమామల యొద్ద నుండి, పండుగలకు మాత్రమే కలిసికొను దంపతులు కలరు. వివాహమై మూడేండ్లయినను వీరు కలిసియున్న కాలము మూడు నెలలకు మించక పోవచ్చును. వీరికి ముందుగా కావలసినది ఔషధము కాదు, కలిసి కాపురముండు అవకాశము. పండ్రెండు గంటల రాత్రి పని చేయువారి విషయమున గూడ ఈ సంగతి గమనింపదగినది.

ఇక కొందరు 12 నెలలవరకు వేచియుండరాదు. స్త్రీ వయస్సు 35 ఏండ్లు దాటినచో 6 నెలలకే వైద్యుని సంప్రదించవలెను. బహిష్టులు రెండు మూడు నెలలకొకసారి వచ్చుచున్నను, పూర్తిగా ఆగిపోయినను, ఇంతకు ముందు క్షయవ్యాధి సోకియున్నను, పొత్తికడుపునకు శస్త్రచికిత్స జరిగియున్నను, పురుషునకు వృషణములకు సంబంధించిన వ్యాధి యేదైన వచ్చియున్నను వెంటనే పోవుట మంచిది.

అదను, పొలము, నీరు, విత్తనము

సుశ్రుతసంహిత శారీరస్థానమున గర్భోత్పత్తికి నాలుగు అంశములు చెప్పబడినవి. అవి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. అదనెరిగి, దున్నిన పొలమున, తగిన నీరు పెట్టి, మంచి విత్తనము చల్లిన మొలక వచ్చునట్లే, ఈ నాలుగును సమకూడినప్పుడు గర్భము నిలుచునని ఆ గ్రంథము బోధించుచున్నది. ఏ ఒక్కటి లోపించినను ఫలము లేదు. సేద్యమెరిగిన వారికి ఈ ఉపమానము సులభముగా బోధపడును. మొలక రానప్పుడు రైతు పొలమును మాత్రమే నిందింపడు గదా! విత్తనమును, నీటిని, అదనును గూడ పరిశీలించును.

ఋతువు. గర్భధారణకు అనుకూలమగు కాలము ఋతువు. ఋతుకాలము 12 రాత్రులనియు, అది గడచిన పిమ్మట సాయంకాలపు తామరవలె గర్భాశయ ద్వారము ముడుచుకొనుననియు సుశ్రుతము చెప్పుచున్నది. నేటి శాస్త్రము ఈ కాలమును మరింత స్పష్టముగా గుర్తించినది. తరువాతి బహిష్టునకు సుమారు 14 దినములు ముందు అండము విడుదలయగును. ఆ దినమును, దానికి ముందలి 5 దినములును గర్భధారణకు అనుకూలములు. 28 దినములకొకసారి బహిష్టగు స్త్రీకి 14వ దినము ప్రాంతమునను, 35 దినములకొకసారి బహిష్టగు స్త్రీకి 21వ దినము ప్రాంతమునను అండము విడుదలయగును. నెలసరి క్రమము తప్పిన స్త్రీలలో పెక్కుమందికి అండము విడుదలయగుటయే లేదు. అండాశయములలో చిన్న చిన్న నీటిబుడగల వంటివి కనబడు పి.సి.ఓ.ఎస్. అను వ్యాధి దీనికి ముఖ్య కారణము.

క్షేత్రము. గర్భాశయమును, దానికి సంబంధించిన మార్గములును క్షేత్రము. గర్భాశయమున కంతులున్నను, దాని లోపలి పొర వంటిది వెలుపల పెరిగినను, అండమును గర్భాశయమునకు చేర్చు నాళములు మూసికొనిపోయినను క్షేత్రము చెడినట్లే. ఆర్తవవహ స్రోతస్సులు రెండనియు, అవి దెబ్బతినినచో వంధ్యత్వము కలుగుననియు సుశ్రుతము చెప్పినది. నేటి ఆయుర్వేద వైద్యులు అండవాహికలను ఈ స్రోతస్సులలో చేర్చి వివరింతురు.

అంబువు. శరీరమును పోషించు ఆహారరసము అంబువు. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి లోపము, మితిమీరిన స్థూలత్వము, మితిమీరిన కృశత్వము ఇవన్నియు గర్భధారణకు అడ్డు కలిగింపగలవు. పని తొందరలో పూటకు టీ త్రాగి కడుపు నింపుకొను స్త్రీకి ఔషధము కంటె ముందు అన్నము, పప్పు, ఆకుకూరలు, పాలు కావలెను.

బీజము. స్త్రీ యొక్క అండమును, పురుషుని యొక్క శుక్రమును కలిసి బీజము. ఇచ్చట ఆయుర్వేదము పురుషుని విడిచిపెట్టలేదు. చరకసంహిత చికిత్సాస్థానమున 30వ అధ్యాయము స్త్రీల యోనిరోగములను ఇరువదింటిని వర్ణించి, అదే అధ్యాయమున పురుషుని శుక్రదోషములను ఎనిమిదింటిని గూడ వర్ణించినది. రెండింటిని ఒక్కచోట చెప్పుటలోనే ఆచార్యుల అభిప్రాయము వ్యక్తమగుచున్నది. సంతానము లేని జంటలలో సుమారు సగముమందిలో పురుషుని లోపమునకు కొంతయో, పూర్తిగనో పాత్ర యున్నదని నేటి వైద్యము చెప్పుచున్నది. పొగాకు, మద్యము, గుజరాతు ప్రాంతమున వాడుకలోనున్న పోక-పొగాకుల మిశ్రమమగు మావా బీజమునకు హాని చేయునవే. అద్దకపు మిల్లులలో ఆవిరి యంత్రముల యొద్ద దీర్ఘకాలము మిక్కిలి వేడిలో పనిచేయుట గూడ శుక్రమునకు మంచిది కాదు.

వయస్సు గూడ బీజమునకు సంబంధించినదే. 16 ఏండ్లు నిండని స్త్రీకి గర్భము కలిగినచో అది నిలువదనియో, నిలిచినను బిడ్డ దుర్బలమగుననియో సుశ్రుతుడు హెచ్చరించినాడు. నేటి చట్టము స్త్రీ వివాహమునకు 18 ఏండ్లు నిండవలెనని విధించినది. అట్లే 35 ఏండ్ల పిమ్మట అండముల సంఖ్యయు, గుణమును త్వరితముగా తగ్గును. కనుక చికిత్సలో కాలము అమూల్యము.

శాస్త్రమునందలి భేదములు

ప్రాచీన గ్రంథములు సంతానలేమిని ఒకే వ్యాధిగా భావింపలేదు. బహిష్టు నశించిన స్త్రీని సుశ్రుతుడు వంధ్య యని పేర్కొనెను. హారీతసంహిత వంధ్యత్వమున ఆరు భేదములు చెప్పినది. ఒక బిడ్డను కని మరల గర్భము దాల్పని స్త్రీ కాకవంధ్య. అసలు సంతానము కలుగనిది అనపత్య. గర్భము నిలిచి మాటిమాటికి స్రవించునది గర్భస్రావి. చనిపోయిన బిడ్డలను కనునది మృతవత్స. బలక్షయము వలన కలుగునదియు, గర్భాశయము దెబ్బతినుట వలన కలుగునదియు తక్కిన రెండు.

ఈ విభాగము నేటికిని ఉపయోగకరమే. తొలి కాన్పు తరువాత గర్భము నిలువని స్త్రీకి నాళములలో వాపు కారణము కావచ్చును. మాటిమాటికి గర్భస్రావమగు స్త్రీకి థైరాయిడ్, మధుమేహము, రక్తము గడ్డకట్టు దోషము, దంపతుల క్రోమోసోములు మొదలగు వానిని పరీక్షింపవలెను. కారణము వేరైనప్పుడు చికిత్సయు వేరు కావలెను. అందరికి ఒకే పొడి, ఒకే లేహ్యము ఇచ్చువాడు నేటి వైద్యమునకే కాదు, హారీతునకు గూడ విరుద్ధముగా నడచుచున్నాడు.

ఆయుర్వేద చికిత్సా క్రమము

శిక్షణ పొందిన ఆయుర్వేద వైద్యుడు రోగిని పరీక్షించి, క్రమపద్ధతిలో చికిత్స చేయును. ఆ క్రమమిది.

1. నిదాన పరివర్జనము. వ్యాధికి కారణమగు ఆహార విహారములను మాన్పించుట మొదటి మెట్టు. రాత్రులందు మేలుకొని పగలు నిద్రించుట, వేళ తప్పిన భోజనము, అధికమగు నూనె, తీపి పదార్థములు, వ్యాయామ లోపము ఇవి తొలగింపవలసినవి. పి.సి.ఓ.ఎస్. వ్యాధియు స్థూలత్వమును గల స్త్రీ తన బరువులో నూటికి 5 నుండి 10 పాళ్లు తగ్గించుకొనినచో పలువురలో నెలసరి మరల క్రమమునకు వచ్చుననుట నేటి వైద్యము గూడ అంగీకరించిన సత్యము. రెండు వైద్యములును ఏకీభవించు స్థానమిది. దీనికి ఖర్చు లేదు.

2. శోధనము. స్నేహ స్వేదములతో శరీరమును సిద్ధపరచి వమన, విరేచన, వస్తి కర్మలు చేయుదురు. వాతము చెడనిదే స్త్రీకి యోనిరోగము కలుగదని చరకుని సిద్ధాంతము. వాతమునకు వస్తి శ్రేష్ఠమగు చికిత్స యగుటచే, కషాయములతోను తైలములతోను చేయు వస్తికి ఇందు ప్రాధాన్యము కలదు. ఇవి ఆసుపత్రిలో వైద్యుని పర్యవేక్షణ క్రింద జరుగవలసిన క్రియలు. రక్తహీనత గలవారికిని, మిక్కిలి కృశించినవారికిని, గర్భవతులకును ఇవి తగవు.

3. శమనము. ఇది ఔషధ సేవనము. అష్టాంగహృదయము ఉత్తరస్థానమున చెప్పబడిన ఫలఘృతము ఇందు ప్రసిద్ధమైనది. మంజిష్ఠ, చంగల్వకోష్టు, త్రిఫలములు, వస, పసుపు, అతిమధురము, ఇంగువ, పెన్నేరు, పిల్లిపీచర మొదలగు ద్రవ్యములతో ఆవునెయ్యిని, పాలను చేర్చి దీనిని వండుదురు. పిల్లిపీచరయే శతావరి, పెన్నేరే అశ్వగంధ. అధిక రక్తస్రావము గలవారికి అశోకపట్ట, లొద్దుగచెక్క; వాతశూలతో బాధపడువారికి దశమూలములు వాడుట గలదు. బహిష్టు రానివారికి రజఃప్రవర్తని వటి నిత్తురు. ముసాంబరము, అన్నభేది, ఇంగువ, వెలిగారము అందలి ముఖ్య ద్రవ్యములు.

4. ఉత్తరవస్తి. చరకసంహిత సిద్ధిస్థానమున వర్ణింపబడిన ఈ క్రియలో, బహిష్టు ఆగిన పిమ్మట సన్నని గొట్టము ద్వారా ఔషధ తైలమునో, ఘృతమునో గర్భాశయములోనికి ఎక్కింతురు. జామ్‌నగర్‌లోని ఆయుర్వేద బోధన పరిశోధన సంస్థలో, మూసికొనిపోయిన నాళములు గల స్త్రీలకు ఈ చికిత్స చేసి ఫలితములు ప్రచురించినారు. ఈ సంస్థ 2020లో జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా గుర్తింపు పొందినది. ఉత్తరవస్తికి పూర్తిగా క్రిమిరహితమగు పరికరములు, శిక్షణ పొందిన హస్తము అవసరము. గర్భమున్నను, లోపల చీము, వాపు ఉన్నను చేయరాదు. ఇంటియొద్దగాని, సౌకర్యములు లేని గదిలోగాని చేయించుకొనిన యెడల క్రిములు లోపలికి చేరి, తెరచియున్న నాళములు గూడ మూసికొనిపోవు ప్రమాదము కలదు.

5. సత్త్వావజయము. మనస్సును కుదుటపరచుట గూడ చికిత్సలో భాగమే. గర్భధారణకు తోడ్పడు వానిలో మనఃప్రసన్నత శ్రేష్ఠమని చరకసంహిత సూత్రస్థానము పేర్కొన్నది. నిందలు మోయుచున్న స్త్రీకి ప్రసన్నత యెక్కడిది? ఈ చికిత్స మందుల అంగడిలో దొరకదు. భర్తయు, అత్తమామలును, బంధువులును ఇయ్యవలసినది.

ఎచ్చట ఉపకరించును, ఎచ్చట ఉపకరింపదు?

ఆహార నియమము, బరువు తగ్గింపు, నిద్ర, వ్యాయామము, దురభ్యాసముల విసర్జనము అను వానివలన నిశ్చయముగా మేలు కలుగును. నెలసరి క్రమము తప్పినవారిలో ఆయుర్వేద ఔషధములవలన గుణము కనబడినట్లు కొన్ని పరిశీలనలు చెప్పుచున్నవి. కాని ఇంతవరకు జరిగిన పరిశీలనలలో పెక్కింట రోగుల సంఖ్య స్వల్పము. మందు పుచ్చుకొనని వారితో సరిపోల్చి చూచినవి తక్కువ. కనుక ఈ ఔషధము ఇంతమందికి తప్పక ఫలించునని చెప్పుటకు తగిన ఆధారము లేదు.

"ఫలానా వారికి ఆ మందుతో బిడ్డ కలిగినది గదా" అని కొందరు అడుగుదురు. దీనికి సమాధానము లెక్కలో ఉన్నది. ఆరోగ్యవంతులగు 100 జంటలలో 80కి పైగా తొలి సంవత్సరములోనే గర్భము నిలుచును. మిగిలిన వారిలో సుమారు సగముమందికి రెండవ సంవత్సరమున ఏ మందు లేకయే నిలుచును. ఆ రెండవ సంవత్సరమున వారు ఏ మందు తినుచుండిన ఆ మందునకు, ఏ మ్రొక్కు మ్రొక్కియుండిన ఆ మ్రొక్కునకు కీర్తి దక్కును. మందు తినియు బిడ్డలు కలుగని వారి మాట ఎవరును చెప్పుకొనరు. కనుక ఒకరిద్దరి అనుభవమును ప్రమాణముగా గైకొనరాదు. జంటలను రెండు వర్గములుగా విభజించి సరిపోల్చి చూడవలెను.

అట్టి సరిపోలికకు ఒక ఉదాహరణము కలదు. నాళములను ఎక్స్‌రే ద్వారా పరీక్షించునప్పుడు గర్భాశయములోనికి ఒక ద్రవమును ఎక్కింతురు. నెదర్లాండ్స్ దేశమున 1,119 మంది స్త్రీలను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు గసగసాల నూనెనుండి తయారైన అయోడిన్ ద్రవమును, రెండవ వర్గమునకు నీటితో కూడిన ద్రవమును వాడినారు. 2017లో ప్రకటించిన ఫలితముల ప్రకారము మొదటి వర్గమున నూటికి 39.7 మందికిని, రెండవ వర్గమున నూటికి 29.1 మందికిని గర్భము నిలిచినది. దీనినిబట్టి ఉత్తరవస్తి ఫలించునని రుజువైనట్లు కాదు. ద్రవము వేరు, పద్ధతి వేరు. నాళములు చెడియుండుటకు ఎక్కువ అవకాశమున్న స్త్రీలను అందులో చేర్చలేదు. కాని ప్రాచీన పద్ధతిని గూడ ఇట్లే సరిపోల్చి పరీక్షింపవచ్చునని, పరీక్షించిననే సత్యము తేలునని ఇది చూపుచున్నది.

ఇక కొన్ని స్థితులలో ఔషధముల కొరకు కాలము గడుపుట నష్టమే. రెండు నాళములును పూర్తిగా మూసికొనిపోయినచో శస్త్రచికిత్సయో, పరీక్షానాళికా పద్ధతియో శరణ్యము. శుక్రమున బీజకణములు ఏమాత్రము లేనిచో భార్యకు ఎన్ని మందులిచ్చినను వ్యర్థము. అండము విడుదల కానివారికి లెట్రోజోల్ వంటి మాత్రలు కొద్ది నెలలలోనే ఫలితము చూపవచ్చును.

క్షయవ్యాధి - దాగియున్న శత్రువు

మన దేశమున నాళములు మూసికొనిపోవుటకు గల ముఖ్య కారణములలో జననాంగముల క్షయవ్యాధి యొకటి. ఊపిరితిత్తుల క్షయవలె దగ్గు, కఫము ఇందు ఉండకపోవచ్చును. సన్నని జ్వరము, బరువు తగ్గుట, బహిష్టు స్రావము తగ్గిపోవుట, పొత్తికడుపులో నొప్పి ఉండవచ్చును. ఏ లక్షణమును లేక, సంతానలేమి యొక్కటియే దీని గుర్తు కావచ్చును. గాలి వెలుతురులు చొరని ఇరుకు గదులలో పెక్కుమంది కలిసి నివసించుచోట క్షయ వ్యాపించుట సులభము. వలస కార్మికుల పేటలలో నివసించువారు ఈ సంగతిని మరువరాదు.

గర్భాశయపు లోపలి పొరనుండి చిన్న ముక్కను తీసి పరీక్షించుట మొదలగు పద్ధతులచే దీనిని కనుగొందురు. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి మందులు ఉచితముగా ఇత్తురు. సాధారణముగా 6 నెలలు విడువక వాడవలెను. నాళములు చెడకముందే చికిత్స ఆరంభించినచో సంతానమునకు ఆశ మిగిలియుండును. వంధ్యత్వమునకు లేహ్యములు తినుచు రెండేండ్లు గడపిన స్త్రీకి క్షయ యున్నదని తరువాత తెలిసినచో, ఆ రెండేండ్లును వ్యాధి పెరుగుటకే ఉపయోగపడినట్లగును.

తీసికొనవలసిన జాగ్రత్తలు

బహిష్టు రప్పించు మందులు వాడుటకు ముందు గర్భము లేదని మూత్రపరీక్ష ద్వారా నిశ్చయించుకొనవలెను. బిడ్డ కొరకు ఎదురుచూచుచున్న స్త్రీయే, నెల తప్పినదని తెలియక, ముసాంబరము గల మాత్రలు మ్రింగి చేజేతుల గర్భమునకు ముప్పు తెచ్చుకొనవచ్చును. అశ్వగంధ గూడ గర్భకాలమున తగదు. గర్భము నిలిచినట్లు అనుమానము కలిగినంతనే మందులన్నియు ఆపి వైద్యుని అడుగవలెను.

ఊరు పేరు లేని పొడులు, భస్మములు కొనరాదు. 2004లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము, అమెరికాలోని బోస్టన్ నగర పరిసరముల దుకాణములలో అమ్ముచున్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా 14 ఔషధములలో సీసము, పాదరసము, పాషాణము అను వానిలో ఒకటియో, అంతకెక్కువయో కనబడినవి. 2011-12 సంవత్సరములలో న్యూయార్కు నగరమున 6 గురు గర్భిణులకు భారతదేశమునుండి వచ్చిన ఔషధముల వలన సీసపు విషము సోకినట్లు అచ్చటి ఆరోగ్యశాఖ కనుగొన్నది. సీసము తల్లి రక్తమునుండి బిడ్డకు చేరి మెదడు ఎదుగుదలను చెరచును. తయారీ లైసెన్సు సంఖ్య, తయారైన తేది, ద్రవ్యముల పట్టిక ముద్రించియున్న ఔషధములనే వైద్యుని చీటిపై కొనవలెను.

మగబిడ్డ పుట్టుటకని ఇచ్చు మందులను ఎన్నడును వాడరాదు. బిడ్డ ఆడదియో మగదియో నిర్ణయించునది తండ్రి బీజకణము. గర్భము నిలిచిన పిమ్మట ఏ మందును దానిని మార్పజాలదు. అట్టి మందులు గర్భస్థ శిశువునకు అంగవైకల్యము కలిగించు ప్రమాదము కలదు.

ప్రకటనలను నమ్మరాదు. స్త్రీల వంధ్యత్వమును నయము చేయుదుమని ఔషధ ప్రకటనలు చేయుటను 1954 నాటి ఔషధముల, అద్భుత చికిత్సల చట్టము నిషేధించినది. కనుక తప్పక బిడ్డ కలుగునని గోడమీద వ్రాసిన ప్రకటన కనబడిన యెడల, అది చట్టమునకు విరుద్ధమైనదని గ్రహింపవలెను. పరీక్షానాళికా చికిత్స చేయు కేంద్రములు 2021 నాటి చట్టము ననుసరించి నమోదై యుండవలెను. ఆ చట్టము ప్రకారము స్త్రీ వయస్సు 50 ఏండ్లు, పురుషుని వయస్సు 55 ఏండ్లు దాటరాదు. ఖర్చు అధికము, ఫలము అనిశ్చితము. కనుక అప్పుచేయుటకు ముందు, ఆ దంపతుల వయస్సునకు, వారి వ్యాధికి ఫలించు అవకాశమెంతయో వైద్యుని స్పష్టముగా అడిగి తెలిసికొనవలెను.

ఎచ్చటికి పోవలెను? ఏమి అడుగవలెను?

సూరత్‌లో నివసించువారికి ప్రభుత్వ వైద్యకళాశాలకు చెందిన న్యూ సివిల్ ఆసుపత్రియు, నగరపాలక సంస్థ నడుపు స్మీమర్ ఆసుపత్రియు కలవు. ఈ రెండింటను స్త్రీరోగ విభాగములున్నవి. ఆయుర్వేద చికిత్స కోరువారు నగరమునందలి ఓ. హెచ్. నాజర్ ఆయుర్వేద కళాశాల వంటి శిక్షణాలయములకు పోవుట క్షేమము. అర్హతలేని వానికి డబ్బు పోయుటకంటె కళాశాల ఆసుపత్రిలో వరుసలో నిలుచుట మేలు.

మొదటిసారి దంపతులిద్దరును కలిసి పోవలెను. ముందుగా పురుషుని శుక్రపరీక్ష చేయింపవలెను. ఇది నొప్పిలేనిది, చవుకయైనది, ఒకే దినమున ముగియునది. అది చేయింపక స్త్రీకి కోతలతో కూడిన పరీక్షలు చేయించుట న్యాయము కాదు. స్త్రీకి రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైనచో నాళముల ఎక్స్‌రే పరీక్ష చేయుదురు. గత ఆరు నెలల బహిష్టు తేదీలను కాగితముపై వ్రాసికొని పోవలెను. తినుచున్న మందుల పొట్లములను, సీసాలను గూడ చూపవలెను. అల్లోపతి వైద్యునికి ఆయుర్వేద మందులను, ఆయుర్వేద వైద్యునికి అల్లోపతి మందులను దాచుట ప్రమాదకరము. గుజరాతీ, హిందీ రాని స్త్రీ తెలుగెరిగిన తోడు నొకరిని వెంటబెట్టుకొని పోవచ్చును. అయినను వైద్యునితో ఒంటరిగా మాటలాడు అవకాశము ఆమెకు ఉండవలెను. ఇంటివారి యెదుట చెప్పలేని సంగతులు చికిత్సకు ముఖ్యములు కావచ్చును.

ఆయుర్వేద చికిత్స ఆరంభించువారు గడువు పెట్టుకొనవలెను. పరీక్షలలో పెద్ద లోపమేమియు కనబడక, స్త్రీ వయస్సు తక్కువగా ఉన్నచో మూడు నుండి ఆరు నెలలు ప్రయత్నింపవచ్చును. అప్పటికి ఫలము లేనిచో మరల పరీక్ష చేయించుకొని ఇతర మార్గములు చూడవలెను. గర్భము కోరు ప్రతి స్త్రీయు వైద్యుని సలహాపై దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనుట మంచిది. దీనివలన బిడ్డకు వెన్నెముక లోపములు కలుగు ప్రమాదము తగ్గును.

అన్ని ప్రయత్నములును విఫలమైనను జీవితము వ్యర్థము కాదు. కేంద్ర దత్తత ప్రాధికార సంస్థ ద్వారా చట్టబద్ధముగా బిడ్డను పెంచుకొను మార్గము తెరచియున్నది.

కుటుంబముల బాధ్యత

తెలుగునాట గొడ్రాలు అను మాట ఎందరో స్త్రీల జీవితమును చేదు చేసినది. శుభకార్యములకు పిలువకుండుట, శ్రీమంతమునాడు ఎడముగా నిలుపుట, మరియొక పెండ్లి చేయుదుమని బెదిరించుట ఈ మాట వెంట వచ్చు క్రూరత్వములు. పురుషుని పరీక్ష చేయింపకయే భార్యను విడిచి మరల పెండ్లాడినవాడు, రెండవ భార్యకును బిడ్డలు కలుగనప్పుడు గదా సత్యము తెలిసికొనుట! అప్పటికి ఇద్దరు స్త్రీల జీవితములు చెడినవి. నాలుగు అంశములు కలిసిననే గర్భమని చెప్పిన శాస్త్రము పేర, నాలుగింటి భారమును ఒక్క స్త్రీపై మోపుట ఆ శాస్త్రమునకే అపచారము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. కలిసి కాపురముండిన 12 నెలలకు, స్త్రీకి 35 ఏండ్లు దాటిన 6 నెలలకు వైద్యుని చూడవలెను.

2. దంపతులిద్దరికిని పరీక్ష జరుగవలెను. పురుషుని పరీక్ష ముందు.

3. కారణము తెలియక మందు తినరాదు. క్షయవ్యాధి లేదని తెలిసికొనవలెను.

4. ఆయుర్వేద చికిత్సను అర్హతగల వైద్యుని యొద్దనే, గడువు పెట్టుకొని, పొందవలెను.

5. బహిష్టు రప్పించు మందులకు ముందు గర్భపరీక్ష చేయించుకొనవలెను.

6. ప్రకటన మందులు, మగబిడ్డ మందులు, పేరులేని భస్మములు వాడరాదు.

7. ఇంటియందు నింద మానవలెను. మనఃప్రసన్నత గూడ ఔషధమే.